మీవాళ్లు అన్న మాట

మొన్న రంజాన్ పండగ మర్నాడు తిరుపతిలో మా బంధువులింట కలిశాం. చిత్తూరు, పీలేరు, పుంగనూరు నుంచి పెద్దవాళ్లు వచ్చారు. షీర్‌ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యాక మాటలు యుద్ధాల మీదికి మళ్లాయి. సరిహద్దు మాకు ఎంతో దూరం. ఇక్కడ బాంబు పడలేదు, తుపాకి పేలలేదు. అయినా 1965, 1971 అనగానే అందరి దగ్గరా ఏదో ఒక జ్ఞాపకం ఉంది.

ఒక ఖాలా రేడియో సంగతి చెప్పింది. 1965 సెప్టెంబరులో వాళ్ల అబ్బా రేడియో గొంతు తగ్గించి, చెవి ఆనించి వార్తలు వినేవాడట. ఉర్దూ మాట బయటికి వినబడితే పాకిస్తాన్ రేడియో పెట్టారంటారని భయం. ఆయన విన్నది ఢిల్లీ వార్తలే. ఆకాశవాణి కూడా ఉర్దూలో వార్తలు చెబుతుందని వీధివీధికీ ఎవరు పోయి చెప్పాలి?

ఇంకొకామెది వేరే జ్ఞాపకం. వారానికి ఒక పూట తిండి మానమని శాస్త్రిగారు అడిగితే, వాళ్ల అమ్మీ, పక్కింటి రెడ్డెమ్మ ఇద్దరూ సోమవారం రాత్రి పొయ్యి వెలిగించలేదట. ఇదీ మా చరిత్రే.

తిరుపతి స్టేషను దగ్గర జట్కా తోలిన చాచా చివరిదాకా మాట్లాడలేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ కబురు విని చాచా గుర్రానికి పూలదండ వేశాడు. రోజూ ఆయన బండెక్కే పెద్దమనిషే నవ్వుతూ అన్నాడట, "ఏం సాయిబూ, మీవాళ్లు ఓడిపోయినారే!" చాచాకు నోట మాట రాలేదు. ఆ రోజు బాడుగ తీసుకోలేదు. యాభై ఏళ్లు దాటినా ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

ఎవరు మావాళ్లు? ఆ ఏడాది తూర్పు బెంగాల్లో పాకిస్తాన్ సైన్యం హిందువులను చంపింది, ముస్లింలనూ చంపింది. మతం ఒకటైతే చాలనుకుంటే ఆ దేశం రెండు ముక్కలెందుకయింది?

1965లో ఖేమ్‌కరణ్ దగ్గర, జీపు మీద బిగించిన ఫిరంగితో పాటన్ ట్యాంకులను పేల్చి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్ దర్జీ ఇంటి బిడ్డ. ఆయనకు పరమవీరచక్ర ఇచ్చారు. ఆయన పేరంటే మాకు గర్వం. కానీ ఎవరైనా అనుమానించినప్పుడల్లా సర్టిఫికెట్ చూపినట్టు ఆ పేరు చూపాల్సి వచ్చింది. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడూ అంతే. మా పక్కింటివాళ్లను ఏ వీరుడి పేరూ ఎవరూ అడగలేదు.

అసలు యుద్ధం మా జిల్లా తొక్కనిదేం కాదని చిత్తూరు పెద్దాయన ఒకరు గుర్తు చేశాడు. ఇంగ్లీషువాళ్లతో పోరు నడుస్తుండగా 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే. వీపు మీద లేచిన రాచపుండు ఆయన్ను బలి తీసుకుంది. కొడుకు టిప్పు మలబారులో ఉన్నాడు. దండు చెదిరిపోకుండా చావు కబురు దాచి, శవాన్ని కోలారుకు పంపారు. ఇంత దగ్గరి చరిత్రను మేం బడిలో చదువుకోలేదు.

మా పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పుస్తకాల్లో ఢాకా ఉంటుంది. చాచా తీసుకోని బాడుగ ఉండదు. అది మేమే రాసుకోవాలి.