ఆల్ వీల్ డ్రైవ్ కారులో సెంటర్ డిఫరెన్షియల్ మార్చాలా? ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఇది చదవండి

కశింకోట (అనకాపల్లి జిల్లా): చలికాలం మొదలైతే చాలు, హైవే మీద కశింకోట, అనకాపల్లి దాటే కార్లలో చాలా వాటి దారి కొండల వైపే. కొందరు చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కుతారు. ఇంకొందరు నర్సీపట్నం మీదుగా ఆంధ్రా కశ్మీర్ అని పిలుచుకునే లంబసింగికి వెళ్తారు. రెండు దారుల్లోనూ ఘాట్ మలుపులు తప్పవు. వర్షాకాలంలో అయితే రోడ్డు మీద జారుడు, పక్కన లోయ. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే కారున్న వాళ్లకి ఇక్కడే ఓ సందేహం వస్తుంది. మలుపుల్లో బండి ఇంకా గట్టిగా పట్టుకోవాలంటే సెంటర్ డిఫరెన్షియల్ మార్పిస్తే పోలా? మార్పించొచ్చు. కానీ ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలు మీ కారులో సెంటర్ డిఫరెన్షియల్ ఉందా?

మన రోడ్ల మీద తిరిగే చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో అది లేనే లేదు.

ఇంతకీ అది చేసే పనేంటి?

కారు మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే దూరం తిరగవు. బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ. ఆ తేడాని సర్దేది ఇరుసు మధ్యలో ఉండే మామూలు డిఫరెన్షియల్. లారీ మెకానిక్కులు క్రౌన్ పినియన్ అనేది ఉండేది కూడా అక్కడే. ఇది అందరికీ తెలిసిన సంగతే. చాలామంది గమనించనిది ఇంకోటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు కూడా సమాన దూరం వెళ్లవు. ముందు చక్రాలు ఎప్పుడూ కాస్త పెద్ద వలయంలో తిరుగుతాయి.

ఓ హెయిర్‌పిన్ మలుపు లెక్క వేద్దాం. కారు వీల్‌బేస్ 2.6 మీటర్లు, వెనక ఇరుసు 10 మీటర్ల వ్యాసార్ధంలో పూర్తిగా వెనక్కి తిరిగిందనుకోండి. వెనక ఇరుసు దాదాపు 31.4 మీటర్లు వెళ్తుంది. ముందు ఇరుసు దాదాపు 32.4 మీటర్లు వెళ్లాలి. ఒక్క మలుపులోనే మీటరు తేడా! టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, క్రౌన్ నిష్పత్తి నాలుగు చొప్పున చూస్తే, ముందు షాఫ్ట్ వెనక దానికంటే సుమారు రెండు చుట్లు ఎక్కువ తిరగాలన్నమాట. ఆ రెండు చుట్లకీ దారి ఇచ్చేదే సెంటర్ డిఫరెన్షియల్. అది లేకుండా రెండు షాఫ్టులూ బిగిసిపోయి ఉంటే, ఆ తేడా టైర్లు రోడ్డు మీద గీరుకుంటూ తీర్చుకోవాలి. లేదంటే గేర్లు, జాయింట్లు ఆ మెలికని మోయాలి.

మీ బండి ఏ రకం?

థార్, జిమ్నీ లాంటివి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తాయి. 4హెచ్ వేస్తే ముందూ వెనకా బిగిసిపోతాయి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. అందుకే పొడి తారురోడ్డు మీద 4హెచ్ వేసుకుని తిరగొద్దని మాన్యువల్ చెబుతుంది. థార్‌లో వచ్చే లాకింగ్ డిఫరెన్షియల్ వెనక ఇరుసుది, ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా లాక్‌లుంటాయి. ఇవేవీ సెంటర్‌వి కావు. షాపుల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు కాబట్టి జాగ్రత్త.

ఎక్స్‌యూవీ700 ఆల్ వీల్ డ్రైవ్, 2022 తర్వాత వచ్చిన గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, జీప్ కంపాస్, స్కోడా కోడియాక్... ఇవి ఇంకో రకం. ముందు చక్రాలే ప్రధానం. అవసరమైనప్పుడు కంప్యూటర్ ఓ క్లచ్‌ని బిగించి వెనక్కి పవర్ పంపుతుంది. ఇందులోనూ మార్చడానికి సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. టాటా హారియర్ ఈవీ క్వాడ్ వీల్ డ్రైవ్‌లో అయితే ముందు ఓ మోటారు, వెనక ఓ మోటారు. మధ్యలో షాఫ్టే లేదు, ఇక డిఫరెన్షియల్ గొడవెక్కడిది?

మరి నిజంగా ఉన్నవి ఏవి? సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో అప్పుడప్పుడు కనిపించేవి చెప్పుకుందాం. మారుతి 2007లో దిగుమతి చేసి అమ్మకం మొదలుపెట్టిన పాత గ్రాండ్ విటారా అందులో ఒకటి. అది ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండి, సెంటర్ డిఫరెన్షియల్‌కి లాక్ కూడా ఉంది. పేరు ఒకటే గానీ ఇప్పటి గ్రాండ్ విటారాకీ దానికీ పోలికే లేదు. 2000 దశకంలో షెవర్లే బ్యాడ్జితో మన దేశంలో అమ్మిన ఫోరెస్టర్ నిజానికి సుబారు బండి. దాని మాన్యువల్ గేర్‌బాక్స్‌లో విస్కస్ కప్లింగ్‌తో కూడిన సెంటర్ డిఫరెన్షియల్ ఉంటుంది. ఇవి కాక టొయోటా ల్యాండ్ క్రూజర్, ప్రాడో, ల్యాండ్ రోవర్ డిఫెండర్, ఆడి క్యూ7 లాంటి ఖరీదైన బండ్లు. ఈ వ్యాసంలో మిగతాది ఈ బండ్లున్నవాళ్లకే.

ఏది మార్చి ఏది పెడతారు?

ఓపెన్ రకం అన్నిటికంటే సాదా. రెండు వైపులకీ ఒకే నిష్పత్తిలో బలం పంచుతుంది. చిక్కెక్కడంటే, ఒక్క చక్రం బురదలో గిర్రున తిరిగితే బలమంతా అక్కడే ఆవిరైపోతుంది. చెరకు తోట గట్టు దిగేటప్పుడు ఒక చక్రం గాల్లోకి లేచి, నాలుగు చక్రాల బండి కదలకుండా నిలబడిపోవడం వెనక కారణం ఇదే.

విస్కస్ రకంలో చిక్కటి సిలికోన్ ద్రవంలో చిల్లుల పళ్లేలు వరసగా ఉంటాయి. ముందూ వెనకా వేగం తేడా రాగానే ద్రవం అడ్డుపడి రెండిటినీ దగ్గర చేస్తుంది. మెత్తగా పనిచేస్తుంది కానీ కాస్త ఆలస్యం. చక్రం జారాకే స్పందిస్తుంది. పాతబడితే ద్రవం పాడై కొన్ని పట్టు వదిలేస్తాయి, కొన్ని బిగిసిపోతాయి. సుబారు బండ్లలో మామూలుగా వచ్చే 4 కేజీల కప్లింగ్ తీసి, ర్యాలీ కోసం తయారైన 20 కేజీలది పెట్టడం ప్రపంచమంతా పేరున్న అప్‌గ్రేడ్. గ్రావెల్ మీద బాగుంటుంది. పార్కింగ్‌లో ఫుల్‌గా స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రం బండి మొరాయిస్తుంది.

టోర్సెన్ లేదా హెలికల్ గేర్ల రకం దారే వేరు. జారకముందే, బలం తేడా మొదలవగానే గేర్లు ఒకదాన్నొకటి నొక్కుకుని పట్టున్న వైపు ఎక్కువ బలం పంపుతాయి. బయాస్ నిష్పత్తి 3 అనుకుంటే, ముందు ఇరుసు 20 పాళ్లే మోయగలిగినప్పుడు వెనక్కి 60 పాళ్ల దాకా వెళ్తుంది. తారురోడ్డు మీద, ఘాట్ మలుపుల్లో దీనికి మించింది లేదనే చెప్పాలి. లోపం ఒక్కటే. ముందు చక్రం పూర్తిగా గాల్లో ఉంటే అక్కడ మోసే బలం సున్నా. సున్నాని మూడుతో గుణించినా సున్నాయే. అలాంటప్పుడు బ్రేక్ మీద కాలు లీలగా ఆనిస్తే కొంత పనవుతుంది. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ ఆ పని తనే చేస్తుంది.

ఇక క్లచ్ పళ్లేల రకం. ఎంత బిగువు కావాలో ముందే పెట్టుకోవచ్చు. కానీ పళ్లేలు అరుగుతాయి, మలుపుల్లో టకటక శబ్దం వస్తుంది, దీనికి సరిపడే ప్రత్యేకమైన ఆయిలే పోయాలి. రోజూ ఆఫీసుకి, వారానికోసారి ఊరికి తిరిగే బండికి ఇది అక్కర్లేదు.

బిగువు ఎక్కువైతే మంచిదేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సెంటర్ డిఫరెన్షియల్ ఎంత బిగిస్తే ఇరుకు మలుపులోకి దూరేటప్పుడు కారు అంతగా తిరగనని మొండికేస్తుంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు నేరుగా బయటి అంచు వైపు జారుతుంది. లోయ ఉండే వైపు అదే అయితే ఇంకేమైనా ఉందా? బిగువు వల్ల లాభం కనిపించేది మలుపు సగం దాటి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, అదీ రోడ్డు జారుడుగా ఉన్నప్పుడు.

ర్యాలీ చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1980లో వచ్చిన ఆడి క్వాట్రోలో సెంటర్ డిఫరెన్షియల్‌ని చేత్తో లాక్ చేసే ఏర్పాటు ఉండేది. 1981లో స్వీడిష్ ర్యాలీని హన్ను మిక్కోలా ఆ కారుతోనే గెలిచాడు. తర్వాత ఆ దశకంలోనే ఆడి టోర్సెన్‌కి మారింది. మరోవైపు గౌరవ్ గిల్ 2016, 2017లో ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచిన స్కోడా ఫాబియా ఆర్5 రకం కార్లకి నిబంధనల ప్రకారం సెంటర్ డిఫరెన్షియలే ఉండదు. గ్రావెల్ మీద టైర్లు ఎలాగూ జారతాయి కాబట్టి ఆ మెలిక అక్కడే వదిలిపోతుంది. పైగా ఆ కార్ల గేర్‌బాక్స్‌ని ఎప్పటికప్పుడు విప్పి చూస్తారు. పాడేరు ఘాట్‌లో తారురోడ్డు మీద, పిల్లాపాపలతో వెళ్లే బండికి ఆ లెక్క వర్తించదు.

వెల్డింగ్ సలహా కూడా ఈ కోవలోదే. డిఫరెన్షియల్‌ని లోపల వెల్డింగ్ చేసి బిగించేస్తే ఖర్చు తక్కువ అని ఎవరైనా చెబితే వినొద్దు. మొదట టైర్లు అరుగుతాయి, తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది. అది కొండ మీద పోతే పరిస్థితి ఊహించుకోండి. ఏబీఎస్ ఒక్కో చక్రాన్ని విడివిడిగా పట్టి వదలాలి. ఇరుసులు రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

డబ్బు పెట్టే ముందు

ముందు టైర్లు చూడండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. రెండు టైర్లు కొత్తవి వేసి రెండు పాతవి ఉంచడం మామూలు కారులో చెల్లుతుంది, ఇందులో చెల్లదు. ఒక్క మిల్లీమీటరు అరుగుదల తేడా ఉంటే చుట్టుకొలతలో ఆరు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. సుబారు ఒప్పుకునే తేడా కూడా దాదాపు అంతే. అంతకు మించితే నేరుగా వెళ్తున్నా సెంటర్ డిఫరెన్షియల్ ఆపకుండా తిరుగుతూ వేడెక్కుతుంది. హైవే మీద వందల కిలోమీటర్లు ఇలా తిరిగితే దాని గతేంటి?

విస్కస్ కప్లింగ్ బాగుందో లేదో తెలియాలంటే ఓ ఇరవై కిలోమీటర్లు నడిపాక ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మెల్లగా గుండ్రంగా తిప్పండి. బ్రేక్ వేసినట్టు కుదుపులు వస్తే అది బిగిసిపోయినట్టే. అప్పుడు కావాల్సింది అప్‌గ్రేడ్ కాదు, రిపేరు. ఇలాంటి బండికి అదే కంపెనీ కొత్త కప్లింగ్ వేయించి, షాకబ్జార్బర్లు, బుష్‌లు, అలైన్‌మెంట్ సరిచేయిస్తే చాలామందికి హ్యాండ్లింగ్ గురించి అడగడానికి ఇంకేం మిగలదు.

గెడ్డలు దాటే బండైతే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కూడా చూపించండి. పాలలా తెల్లబడితే నీళ్లు దిగినట్టే. ఆయిల్ గ్రేడ్ మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి.

అన్నీ బాగున్నాయి, అయినా మార్చాలనుకుంటే ఓపెన్ లేదా విస్కస్ రకం తీసి హెలికల్ రకం పెట్టడమే ఘాట్ రోడ్లకి తగిన మార్పు. మీ గేర్‌బాక్స్ కోడ్‌కి సరిగ్గా సరిపోయే పార్టు దొరికితేనే ముందుకెళ్లండి. గేర్‌బాక్స్ దించి, బేరింగ్ బిగువు కొలిచి మళ్లీ ఎక్కించే పని ఇది. కొలిచే పరికరాలు లేని షాపులో చేయిస్తే కొత్త పార్టు కూడా పాడవుతుంది.

చట్టం సంగతి కూడా మర్చిపోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలుంది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ఇంకొక్క మాట. బండి హైవే మీద ఆగిపోతే ముందు చక్రాలు మాత్రమే పైకెత్తి లాక్కెళ్లే టోయింగ్ బండిని పిలవొద్దు. వెనక చక్రాలు తిరుగుతుంటే సెంటర్ డిఫరెన్షియల్ కొన్ని కిలోమీటర్లలోనే కాలిపోవచ్చు. నాలుగు చక్రాలూ నేలని తాకకుండా మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్ బెడ్ బండే కావాలని ఫోన్‌లోనే చెప్పండి.