ధర్మాసనమున భిన్నస్వరము

గడచిన పదేండ్లలో మన సుప్రీం కోర్టు వెలువరించిన ప్రధానమైన తీర్పులు ఒక్క శాఖకు చెందినవి కావు. వ్యక్తి ఏకాంతము, శాసనసభ్యుల లంచములు, గనుల రాయల్టీ, షెడ్యూల్డు కులముల వర్గీకరణము, ప్రైవేటు ఆస్తిపై సమాజమునకు గల అధికారము, ఇట్లు నానావిషయములపై అవి వ్యాపించియున్నవి. ఐనను వానిని వరుసగా చదువువారికి పెక్కింటియందు ఒక సమానలక్షణము గోచరింపక మానదు: ఆ న్యాయస్థానము తానొకనాడు చెప్పినదానిని తానే పునర్విచారించి, కాదని, వేరొక మార్గమును పట్టినది. పత్రికలు ఇట్టి తీర్పులను నూతనోదంతములుగా ప్రకటించుట సహజమే. కాని వానికి ఆధారమైన తర్కము పెక్కుమారులు దశాబ్దములకు పూర్వమే, ధర్మాసనమున ఒంటరులుగానో ఇద్దరుగానో మిగిలిపోయిన న్యాయమూర్తుల లేఖినినుండి వెలువడి, లా రిపోర్టుల పుటలలో నిలిచియుండినది. ఓడిన వాదమును వాదించినవారి మాటలలోనే భద్రపరచు ఈ ఆచారము మన రాజ్యాంగజీవనమునకు లభించిన గొప్ప వరములలో నొకటియని నా దృఢవిశ్వాసము.

ఇది మొదటినుండియు మనకున్న ఆచారము కాదు. 1833లో ఏర్పడిన ప్రివీ కౌన్సిల్ జుడీషియల్ కమిటీ శతాబ్దమునకు పైగా మన దేశపు కట్టకడపటి అప్పీళ్లను లండను నగరమున విచారించెను. ఆంధ్రదేశపు జమీందారీ కుటుంబముల దత్తత తగవులును, వారసత్వపు వ్యాజ్యములును ఓడలెక్కి అక్కడికే పోయెడివి. ఆ సభ వెలువరించునది రూపమున తీర్పు కాదు, సింహాసనమునకు విన్నవించు సలహా. ప్రభువునకు చెప్పు సలహా ఒక్కటే యుండవలెను గాని రెండుండరాదను నియమముచే, లోపల ఎన్ని అభిప్రాయభేదములున్నను బయటికి ఒక్క కంఠమే వినవచ్చెడిది. 1966 వరకు అక్కడ భిన్నాభిప్రాయమును ప్రకటించుటకు వీలులేకుండెను.

1939లో ఆ సభ పరిష్కరించిన పాకల నారాయణస్వామి కేసును నేటికిని మన న్యాయవాదులు ఉదాహరించుచుందురు. పూరీ స్టేషనులో రైలుపెట్టెయందు దిక్కులేక పడియున్న ట్రంకును తెరువగా ఖండితమైన శవము కనబడుటయు, హతుడు పిఠాపురమువాడని తేలుటయు, దర్యాప్తులో నిందితుడు పోలీసులతో పలికిన మాటలను సాక్ష్యముగా గ్రహించి ఉరిశిక్ష విధించుటయు జరిగెను. అట్టి మాటలు సాక్ష్యమున కెక్కవని చెప్పి అతనిని విడిపించిన అభిప్రాయమును వ్రాసినవారు లార్డ్ ఆట్కిన్. సహసభ్యులలో ఎవరైనను దానితో విభేదించిరా యని ఆ పుటలనుండి గ్రహించుట అసాధ్యము. ఆ ఆట్కిన్ మహాశయుడే రెండేండ్ల తరువాత, 1941లో, ఎవరి అభిప్రాయము వారు చెప్పదగిన ప్రభువుల సభలో, లివర్‌సిడ్జి కేసునందు, యుద్ధకాలమైనను సరే, హోం మంత్రి ఒకనిని నిర్బంధించుటకు తగిన కారణమున్నదా లేదా యని పరీక్షించు అధికారము న్యాయస్థానమునకు ఉండితీరవలెనని, తక్కిన నలువురును ఎదురుపక్షమున నుండగా, ఏకాకియై పలికెను. ఆ ఒంటరి అభిప్రాయము మన దేశమున మరల వినబడిన సందర్భమును ముందు చెప్పెదను.

1949 అక్టోబరు 10 నుండి ప్రివీ కౌన్సిలుకు మనపై అధికారము తొలగెను. 1950 జనవరి 28న, పార్లమెంటు భవనములో ఒకప్పుడు సంస్థానాధీశుల సభకై కట్టిన మందిరమున, సుప్రీం కోర్టు ప్రారంభమయ్యెను. మెజారిటీ న్యాయమూర్తుల సమ్మతి లేనిదే తీర్పు వెలువడరాదని చెప్పిన రాజ్యాంగపు 145వ అధికరణమే, సమ్మతింపని న్యాయమూర్తి తన అభిప్రాయమును వేరుగా ప్రకటించుటకు అడ్డులేదనియు స్పష్టముగా పలికినది. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమును వ్రాయు సంప్రదాయము కలదు గాని, దానిని వ్రాయువాడు సిద్ధాంతియే. ఖండించుటకే దానిని నిలబెట్టును. ఇచట పూర్వపక్షమును చెప్పువాడు సిద్ధాంతి ప్రక్కనే, సమానాసనముపై కూర్చుండి, తన యుక్తులను తానే వ్రాసి సంతకము చేయును.

ఆ స్వాతంత్ర్యము వినియోగమునకు వచ్చుటకు నాలుగు మాసములైనను పట్టలేదు. నివారక నిర్బంధ చట్టము క్రింద మద్రాసు రాష్ట్రమున చెరసాలలో నుండిన కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ వేసిన పిటిషనుపై 1950 మే 19న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. శాసనసభ చేసిన చట్టము ఒక విధానమును నిర్దేశించినచో చాలును, అది న్యాయమైనదా కాదా యను విచారణ ప్రాణమును స్వేచ్ఛను కాపాడు 21వ అధికరణము క్రింద రాదనియు, ఒక్కొక్క ప్రాథమిక హక్కు దేనికదియే యనియు మెజారిటీ నిర్ణయము. జస్టిస్ ఫజల్ అలీగారు దీని నంగీకరింపలేదు. హక్కులు పరస్పరము పెనవైచుకొనియుండుననియు, నోటీసు, తన మాట చెప్పుకొను అవకాశము, నిష్పక్షపాతియైన విచారణకర్త, ఇవి లేని విధానము విధానమే కాదనియు వారు వ్రాసిరి. తెలుగువారికి ఈ పేరు వేరొక సందర్భమున చిరపరిచితము: రాష్ట్రముల పునర్విభజన సంఘమునకు అధ్యక్షులై, తెలంగాణమును అప్పటికి ప్రత్యేకరాష్ట్రముగానే ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిదప శాసనసభలో మూడింట రెండువంతుల వారు కోరినప్పుడు విలీనమును పరిశీలింపవలెనని 1955లో సూచించిన సంఘము వీరిదే. ఆ సూచనయు నాడు చెల్లలేదు.

రెండవ గొప్ప భిన్నాభిప్రాయము మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారిది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నతనిని 1941లో ఒక బందిపోటు కేసున పట్టుకొని, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. ఐనను ఠాణాలో అతని పేర హిస్టరీ షీటు తెరచిరి. రాత్రివేళ చౌకీదారును కానిస్టేబుళ్లును వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి, నిద్ర లేపుచున్నారనియు, పొరుగూరికి పోవలెనన్నను ఎక్కడికి పోవునో ఎప్పుడు మరలునో చౌకీదారునకు చెప్పిపోవలసివచ్చుచున్నదనియు, తాను పోవుసరికే ఆ యూరి ఠాణాకు కబురందుచున్నదనియు అతడు సుప్రీం కోర్టుకు మొరపెట్టుకొనెను. 1962 డిసెంబరు 18న ఆరుగురిలో నలువురు, రాత్రివేళ ఇల్లు చొచ్చుట మాత్రము చెల్లదనిరి. చాటునుండి కావలి కాయుట, రాకపోకలు కనిపెట్టుట తప్పుకాదనియు, ఏకాంతము మన రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనియు చెప్పిరి. సుబ్బారావుగారు, జస్టిస్ షా తోడురాగా, ఇట్టి నిఘాకు ఆధారమైన పోలీసు నిబంధన సాంతమును చెల్లదనిరి. పోలీసు కన్ను వెన్నంటుచుండగా నడచువాని అడుగులు స్వేచ్ఛగా పడుచున్నవని యెట్లనగలము, సంకెల కాళ్లకే గాక మనస్సునకును పడును గదా, ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమున విడదీయరాని భాగము గదా, యనునది వారి తర్కసారము. ఇది వ్రాసిన న్యాయమూర్తి ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరున నెలకొన్నప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి యని తలచినప్పుడెల్ల తెలుగువానికి హృదయము పొంగుట తప్పు కాదు. 1967లో ప్రధాన న్యాయమూర్తిగా, ఆరుగురు ఐదుగురుగా చీలిన ధర్మాసనమున మెజారిటీ పక్షమున నిలిచి వారు చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు ఆరేండ్లకే, కేశవానంద భారతి కేసులో, పక్కకు పోయెను. మైనారిటీగా చెప్పిన ఖరక్ సింగ్ అభిప్రాయమో, ఏబదినాలుగేండ్లు దాటిన పిదప దేశమునకు ధర్మమయ్యెను. ఒక న్యాయమూర్తి కీర్తి ఏ పుటలో దాగియుండునో ఆయన జీవితకాలమున ఎవరును చెప్పజాలరు.

మూడవది మిక్కిలి దుఃఖకరమైన ఘట్టము. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ ప్రకటించి, 21వ అధికరణమును బట్టి కోర్టుల కెక్కు హక్కును రాష్ట్రపతి ఉత్తరువుచే నిలిపివేసిరి. అయినను నిర్బంధితుల హెబియస్ కార్పస్ పిటిషన్లను విచారింపవచ్చునని తొమ్మిది హైకోర్టులు ధైర్యముగా పలికెను. జబల్పూరు కేసుగా ప్రసిద్ధమైన అప్పీళ్లను ఐదుగురు న్యాయమూర్తులు విచారించుచుండగా, పోలీసు అధికారి యొకడు తన పగ తీర్చుకొనుటకై ఒక మనుష్యుని చంపినచో ఏమి ఉపశమనమని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాగారు ప్రశ్నింపగా, ఎమర్జెన్సీ యున్నంతవరకు ఏదియు లేదని అటార్నీ జనరల్ బదులు చెప్పవలసివచ్చెను. 1976 ఏప్రిల్ 28న నలువురు ఆ వాదమునకే తలయొగ్గిరి. ఖన్నాగారొక్కరే, ఆట్కిన్ ప్రభువు వలె ఏకాకియై, ప్రాణమును స్వేచ్ఛను కాపాడు ధర్మము రాజ్యాంగము దయచేసిన కానుక కాదనియు, 21వ అధికరణము లేకున్నను చట్టాధికారము లేక ఒకని ప్రాణమును హరించు హక్కు రాజ్యమునకు లేదనియు వ్రాసిరి. 1977 జనవరిలో, సీనియారిటీని బట్టి తమకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి జస్టిస్ బేగ్‌గారికి పోగా, ఖన్నాగారు రాజీనామా చేసి వెడలిపోయిరి.

ఫజల్ అలీగారి వాదము 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులోను, 1978లో మేనకా గాంధి పాస్‌పోర్టు కేసులోను క్రమముగా సిద్ధాంతమయ్యెను. తక్కిన రెండింటికిని 2017 ఆగస్టు 24 వరకు వేచియుండవలసివచ్చెను. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్‌పై వేసిన పిటిషనులో, ఏకాంతము హక్కే కాదని ప్రభుత్వము ఖరక్ సింగ్ తీర్పును చూపగా, ఆ ప్రశ్న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకు పోయి, అది ప్రాథమిక హక్కేయని వారేకగ్రీవముగా నిర్ణయించిరి. జస్టిస్ నారిమన్‌గారు తమ అభిప్రాయమున ఫజల్ అలీ, సుబ్బారావు, ఖన్నాగార్ల మూడు భిన్నాభిప్రాయములను ఒకచోట చేర్చి సన్మానించిరి. జబల్పూరు తీర్పు దోషభూయిష్ఠమని వ్రాసి రద్దుచేసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్‌గారు, ఆనాటి నలువురిలో నొకరైన జస్టిస్ వై.వి. చంద్రచూడ్‌గారి పుత్రులే. పితృభక్తికిని ధర్మబుద్ధికిని విరోధము లేదని చూపిన ఆ పుటలు చదువదగినవి.

రాజకీయ రంగమునను ఇట్టిదే జరిగెను. 1993 జూలైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము 265కు 251 ఓట్లతో అవిశ్వాసతీర్మానము నధిగమించినప్పుడు కొందరు సభ్యులు లంచము గొనిరను కేసు నడిచెను. లంచము పుచ్చుకొని సభలో ఓటు వేసినవారికి ప్రాసిక్యూషన్ నుండి రక్షణ యున్నదని 1998లో ఐదుగురిలో ముగ్గురు చెప్పిరి; లంచము పుచ్చుకొన్న క్షణముననే నేరము పూర్తియగుననియు, ఓటుతో దానికి పనిలేదనియు జస్టిస్ అగర్వాల్, జస్టిస్ ఆనంద్‌గార్లు భేదించిరి. పి.వి.గారు 2002లో ఢిల్లీ హైకోర్టున నిర్దోషిగా వెలువడిరి గాని, ఆ రక్షణసూత్రము మాత్రము 2024 మార్చి 4 వరకు నిలిచియుండి, సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ నిర్ణయముచే తొలగిపోయెను. గనుల రాయల్టీ పన్నేయన్న 1989 నాటి నిర్ణయమును 2024 జూలైలో తొమ్మిదిమందిలో ఎనమండుగురు త్రోసిపుచ్చగా, జస్టిస్ నాగరత్నగారు విభేదించిరి.

మైనారిటీ యనుటచేతనే ఒక అభిప్రాయము ధర్మసమ్మతమగునని మాత్రము నేను చెప్పను. ప్రైవేటు ఆస్తి యావత్తును సమాజపు భౌతికవనరే యని 1977లో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు ముగ్గురి పక్షమున వ్రాయగా, తక్కిన నలువురు దానితో తమకు ఏకీభావము లేదని ప్రత్యేకించి చెప్పిరి. ఐనను 1982లో తెలుగువారైన జస్టిస్ చిన్నప్పరెడ్డిగారు ఐదుగురి ధర్మాసనము పక్షమున ఆ భావమునే చేపట్టిరి. ఉదారమైన ఆశయమే, కాని మెజారిటీ కాదన్నదానిని చిన్న ధర్మాసనము సిద్ధాంతముగా గ్రహించుట పద్ధతి కాదు. 2024 నవంబరు 5న తొమ్మిదిమంది ధర్మాసనమున మెజారిటీ ఆ మార్గమును మూసివేసెను.

మన యిరు రాష్ట్రములకు అత్యంత సన్నిహితమైనది వర్గీకరణ కేసు. మాదిగ దండోరా ఉద్యమఫలితముగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2000లో షెడ్యూల్డు కులములను ఎ, బి, సి, డి యని నాలుగు వర్గములు చేసి, 15 శాతము రిజర్వేషనును 1, 7, 6, 1 శాతములుగా పంచెను. హైకోర్టు దానిని సమర్థించెను గాని, 2004 నవంబరు 5న చిన్నయ్య కేసులో సుప్రీం కోర్టు ఐదుగురును ఏకమై కొట్టివేసిరి. ఇరువది యేండ్లపాటు ఊరూర సభలు, పాదయాత్రలు, దీక్షలు సాగినవి. ధర్మాసనమున వినబడని భిన్నస్వరము వీధులలో వినబడినది. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు వర్గీకరణము రాజ్యాంగసమ్మతమనిరి. తెలంగాణము 2025 ఏప్రిల్ 14 నుండి మూడు వర్గముల చట్టమును అమలుపరచగా, ఆ మాసముననే ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చెను. ఏడవవారైన జస్టిస్ బేలా త్రివేదిగారు మాత్రము, 341వ అధికరణము క్రింద రాష్ట్రపతి ప్రకటించిన జాబితాను చీల్చుటకు రాష్ట్రములకు అధికారము లేదని, చిన్నయ్య తీర్పునే సమర్థించుచు వేరుగా వ్రాసిరి. తక్కిన ఆరుగురి అభిప్రాయములతోపాటు వారి అభిప్రాయమును సంపూర్ణముగా అచ్చువేసిరి.