పత్రికలను పోషించిన చిన్న ప్రకటనలు

అమెరికా దేశమున డెన్వరు పట్టణమునందు 'రాకీ మౌంటెన్ న్యూస్' అను దినపత్రిక యుండెను. 1859 ఏప్రిలు 23వ తేదీన పుట్టిన యా పత్రిక 2009 ఫిబ్రవరి 27వ తేదీన కడపటి సంచికను వెలువరించి నిలిచిపోయెను. ఇంక రెండు నెలలు బ్రతికియున్నచో దానికి 150 ఏండ్లు నిండెడివి. 2008వ సంవత్సరమొక్కదానియందే 1 కోటి 60 లక్షల డాలర్లు నష్టపోతిమని యజమానులు తెలిపిరి.

ఇంటర్నెట్టు వార్తలను ఉచితముగా పంచిపెట్టుటచేతనే పత్రికలు చెడినవని పలువురు చెప్పుదురు. అది సగము నిజము. లోతైన గండి వేఱొకచోట పడినది.

పత్రిక యెన్నడును చదువరి యిచ్చు కాసులతో మాత్రమే బ్రతుకలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను స్థాపించినపుడు దానికి దన్నుగా నిలిచినది అమృతాంజనపు వ్యాపారము. అమెరికా పత్రికలకు ఆ పని చేసినవి ప్రకటనలు. వానిలోను, లోపలి పుటలలో చీమలబారువలె కనబడు చిన్న ప్రకటనలు. అద్దెయిల్లు, పాతకారు, గుమాస్తా పని: ఒక్కొక్కటి రెండుమూడు పంక్తులు. వానిని సారస్వతమని యెవరును అనరు. కాని 2000వ సంవత్సరమున వానివలన ఆ దేశపు పత్రికలకు వచ్చిన రాబడి రమారమి 1,960 కోట్ల డాలర్లు. ప్రకటనల మొత్తపు రాబడిలో మూడవవంతును మించినది.

1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్కు అనునాతడు ఊరి విశేషములను మిత్రులకు ఈ-మెయిలు మూలమున పంపసాగెను. అదియే 'క్రెయిగ్స్‌లిస్టు'గా పెరిగి, పట్టణము వెంట పట్టణమునకు వ్యాపించి, చిన్న ప్రకటనలకు చాలవఱకు రుసుము లేకుండ చోటిచ్చెను. ఉద్యోగములకు, ఇండ్లకు, కార్లకు వేఱువేఱు వెబ్‌సైట్లు వెలసెను. అమ్మువానికి డబ్బు మిగిలెను, కొనువానికి వెదకుట సులువయ్యెను. ఇందెవరిని తప్పుపట్టగలము? నా పాత సైకిలు నమ్మవలసివచ్చిన నేనును అట్లే చేయుదును. 2008 నాటి ఆర్థికమాంద్యమును తోడు కాగా, 2012 నాటికి ఆ రాబడి 500 కోట్ల డాలర్లకు లోపే మిగిలెను.

పోయినది యజమానుల లాభమొక్కటే యైనచో మనకు చింత లేదు. మునిసిపలు సభలో వెనుక బెంచీమీద కూర్చుండి పద్దులు విను విలేకరికి జీతమిచ్చినదియు ఆ డబ్బే. వాని వ్రాతకై ప్రత్యేకముగా కాసు నిచ్చువారరుదు. పాతకారు నమ్మజూపినవాడే తనకు తెలియకయే ఆ విలేకరిని పోషించెను.

కాలిఫోర్నియాలో బెల్ అను చిన్న పట్టణము కలదు, కష్టజీవుల యూరు. దాని పాలనాధికారి రాబర్టు రిజ్జో యేటికి దాదాపు 8 లక్షల డాలర్లు జీతముగా పుచ్చుకొనుచుండెను. లాస్ ఏంజలిస్ టైమ్స్ విలేకరులిద్దఱు 2010 జూలైలో ఆ సంగతిని బయటపెట్టిరి; 2014లో ఆతనికి 12 ఏండ్ల కారాగార శిక్ష పడెను. ఆ యిద్దఱును మొదట బయలుదేరినది పొరుగూరగు మేవుడ్ వ్యవహారములను విచారించుటకు. దారి తీసి బెల్ చేరిరి. వారి పత్రిక యజమానియగు ట్రిబ్యూన్ సంస్థ 2008 డిసెంబరులోనే దివాలా రక్షణ కోరియుండెను. అయినను ఇద్దఱు మనుష్యులను ఒక చిన్నయూరి పద్దులమీదికి పంపుటకు ఆ పత్రికకు ఇంకను స్తోమత మిగిలియుండెను.