పాట చరిత్రకు ఆధారమవుతుందా? తావోస్ అమ్రూష్, కబీల్ స్త్రీల గానం

1969 జూలైలో అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో తొలి అఖిల ఆఫ్రికా సాంస్కృతికోత్సవం జరిగింది. వలస పాలన నుంచి బయటపడిన దేశాలు తమ పాటను, ఆటను ప్రపంచానికి చూపుకున్న సందర్భమది. ఆతిథ్యం ఇచ్చిన అల్జీరియా మాత్రం తన గాయని ఒకరిని అధికారిక వేదిక ఎక్కనివ్వలేదు. ఆమె పేరు తావోస్ అమ్రూష్. మూడేళ్ళ ముందు, 1966లో, డాకర్‌లో జరిగిన ప్రపంచ నల్లజాతి కళల ఉత్సవంలో పాడిన మనిషి, అల్జీర్స్‌లో విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందు పాడి వెళ్ళవలసి వచ్చింది. ఆమె పాడినవి రాజకీయ గీతాలు కావు. తల్లి దగ్గర నేర్చుకున్న పల్లె పాటలు. వాటికి ప్రభుత్వం ఎందుకు జంకిందో అర్థం చేసుకోవాలంటే మీరు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అరబ్బులు రాకముందు నుంచీ ఉత్తర ఆఫ్రికాలో ఉన్న ప్రజలను బెర్బెర్లు అంటున్నాం. ఇది బయటివారు పెట్టిన పేరు. వారు తమను తాము ‘ఇమజిఘెన్’ అని చెప్పుకుంటారు. అల్జీర్స్‌కు తూర్పున ఉన్న కబీలియా కొండల్లోని బెర్బెర్లు కబీల్‌లు. ఫ్రెంచివారు ఈ కొండలను 1857లో లోబరచుకున్నారు. బెర్బెర్లకు ‘తిఫినాగ్’ అనే ప్రాచీన లిపి ఉన్నా, కబీల్ పల్లెల్లో సాహిత్యం నోటి మీదే బతికింది. అందులో స్త్రీల వాటా పెద్దది. వాద్యం లేకుండా, నిదానంగా, ఒంటరి గొంతుతో పాడే ‘అషెవిఖ్’ ముఖ్యంగా ఆడవారి పాట.

తావోస్ కథ నిజానికి ఆమె తల్లి ఫద్మా ఆయిత్ మన్సూర్‌తో మొదలవుతుంది. ఫద్మా 1882 ప్రాంతంలో తిజీ హిబెల్ అనే ఊరిలో పుట్టింది. తల్లి వితంతువు, తండ్రి బిడ్డను తన బిడ్డగా ఒప్పుకోలేదు. ఊరి నింద నుంచి, దెబ్బల నుంచి కాపాడటానికి తల్లి ఆ పిల్లను బడికి పంపింది. అలా కబీల్ ఆడపిల్లల్లో ఫ్రెంచి చదువు అందిన అతి కొద్దిమందిలో ఆమె ఒకతె అయింది. క్రైస్తవం తీసుకుంది, క్రైస్తవుడైన కబీల్ యువకుణ్ణి పెళ్ళాడి ఇగిల్ అలీ గ్రామంలో అత్తవారింటికి వెళ్ళింది. తర్వాత భర్త రైల్వే ఉద్యోగం కోసం కుటుంబం ట్యునీషియా చేరింది. ముస్లిం ఇరుగుపొరుగుకు వీరు మతం మారినవారు, ఫ్రెంచివారికి స్థానికులు, ట్యునీషియావారికి పరాయి ఊరివారు. ఆ ఇంట్లో సొంతమని చెప్పుకోవడానికి మిగిలినవి పాటలే. పుట్టింటి ఊరివీ, మెట్టినింటి ఊరివీ ఫద్మా గొంతులో కలిశాయి.

ఆ పాటలను మొదట కాగితం మీద పెట్టినవాడు ఆమె కొడుకు, కవి ఝాన్ అమ్రూష్. 1939లో ట్యునిస్‌లో ఫ్రెంచి అనువాదాలుగా ప్రచురించాడు. మాటలు నిలిచాయి కానీ బాణీలు పుస్తకంలోకి రాలేదు. ఆ లోటు కూతురు తీర్చింది. 1913లో ట్యునిస్‌లో పుట్టిన తావోస్ (ఆ పేరుకు నెమలి అని అర్థం) తల్లి పక్కన కూర్చొని బాణీలు పట్టుకుంది. 1939లోనే మొరాకోలోని ఫెజ్ నగరంలో జరిగిన సంగీత సదస్సులో పాడింది. అక్కడి నుంచి మాడ్రిడ్ వెళ్ళి, కబీల్ పాటలకూ స్పెయిన్ జానపద గీతాలకూ ఉన్న పోలికలను పరిశీలించింది. ఆమె నవలాకారిణి కూడా. 1947లో వచ్చిన ఆమె తొలి నవల, ఉత్తర ఆఫ్రికా స్త్రీలు ఫ్రెంచిలో ప్రచురించిన మొదటి నవలల్లో ఒకటి. 1966 నుంచి ఆమె పాటల రికార్డులు వెలువడ్డాయి. తల్లి 1946లో రాసిపెట్టిన ఆత్మకథ 1968లో అచ్చయింది. అప్పటికే ఫద్మా కన్నుమూసింది.

ఇప్పుడు 1969కి తిరిగి వద్దాం. కబీల్‌లు అరబ్బుల కంటే యూరప్‌వారికి దగ్గరి జాతి అని వలస పాలకులు ప్రచారం చేసేవారు. అది విభజించి పాలించే ఎత్తుగడ. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం బెర్బెర్ భాష మాట ఎత్తితే చాలు, ఆ ఎత్తుగడే గుర్తుచేసుకునేది. 1963 రాజ్యాంగం అరబ్బీని మాత్రమే జాతీయ, అధికార భాషగా గుర్తించింది. ఆ ఏడాదే హొసీన్ ఆయిత్ అహ్మద్ నాయకత్వాన కబీలియాలో సాయుధ తిరుగుబాటు లేచింది. ఇక తావోస్ క్రైస్తవురాలు, ఫ్రాన్స్‌లో స్థిరపడినది, పారిస్‌లో బెర్బెర్ అకాడమీ స్థాపనలో పాలుపంచుకున్నది. ప్రభుత్వ అనుమానానికి కారణాలున్నాయని మీరు గ్రహించాలి. అయితే కారణం ఉన్నంత మాత్రాన అది న్యాయం కాదు. పాలకుడు వేరుచేసి చూపిన భాషను, పాలకుడు పోయాక దాచిపెట్టమనడం ఆ భాష మాట్లాడేవారికి రెండో శిక్షే.

తావోస్ 1976లో ఫ్రాన్స్‌లో మరణించింది. నాలుగేళ్ళకు, 1980 మార్చిలో, తిజీ ఊజూ విశ్వవిద్యాలయంలో ప్రాచీన కబీల్ కవిత్వంపై రచయిత మౌలూద్ మమ్మెరి ఉపన్యాసాన్ని అధికారులు ఆపేశారు. దానిపై రేగిన నిరసనలనే ‘బెర్బెర్ వసంతం’ అంటారు. బెర్బెర్ భాష తమజిగ్త్‌కు 2002లో జాతీయ భాషగా, 2016లో అధికార భాషగా గుర్తింపు దక్కింది.

చరిత్ర విద్యార్థిగా మీకు ఇంకో పని మిగిలి ఉంది. తావోస్ రికార్డులను 19వ శతాబ్దపు కబీల్ పల్లెకు అద్దంగా తీసుకోవచ్చా? జాగ్రత్త అవసరం. పల్లెలో పాటకు ఒక పనీ, ఒక వేళా ఉంటాయి: పెళ్ళి, చావు, ఆలివ్ కాయల కోత, బిడ్డను నిద్రపుచ్చడం. కచేరీలో ఆ పని లేదు; డబ్బిచ్చి కూర్చొన్న శ్రోతలున్నారు. తావోస్ గొంతు గంభీరంగా, ప్రార్థనలా సాగుతుంది. అది ఆమె ఎంచుకున్న తీరు. కాబట్టి ఈ రికార్డుల్లో రెండు కాలాలు కలిసి ఉన్నాయి: తల్లి గుర్తుంచుకున్న ఊరు ఒకటి, ప్రవాసంలో కూతురు ఆ ఊరిని నిలబెట్టుకున్న తీరు ఇంకొకటి. మొదటిదానికి ఇవి పరోక్ష ఆధారం, రెండోదానికి ప్రత్యక్ష ఆధారం. ఉదాహరణకు 1975లో వచ్చిన ఆమె రికార్డు పేరులోనే తిరగలి, ఊయల ఉన్నాయి. వింటే వినపడేది మాత్రం ఒక్క గొంతే. తిరగలి చప్పుడు, పిండి విసిరే మిగతా ఆడవారి మాటలు, బిడ్డ ఏడుపు అందులో ఉండవు. వాటి కోసం ఫద్మా ఆత్మకథను పక్కన పెట్టుకొని చదవవలసిందే.