గుస్సా ఎవరిది?

మైదానంలో తిట్టినవాణ్ణి ఎవరూ చూడరు. కొట్టినవాణ్ణే లోకమంతా చూస్తుంది. 2006 జూలై 9న బెర్లిన్‌లో ప్రపంచ కప్ ఫైనల్. అక్కను తిట్టిన మాతెరాజ్జీని జిదాన్ తలతో గుండెమీద కుమ్మాడు. ఎర్రకార్డు పడింది, కప్పు ఇటలీకి పోయింది. తాండూరులో నాపరాళ్ళ దుమ్ములో బంతి ఆడిన మాకు ఈ లెక్క తెలుసు. ఇంకొకడికి కోపమొస్తే కోపం. మాకొస్తే 'తురకోడి తెగింపు'.

అంతకంటే పెద్ద కథ మన దగ్గరే ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పాడు. జనం మన జట్టుమీద మండిపడ్డారు. సెప్టెంబరు 4న ఫైనల్లో స్టేడియమంతా కూతలు, ఎగతాళి. మన కోచ్ హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా బతికిన మనిషి, అప్పటికే కాన్సర్. కూతలు పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలే. వాళ్ళ కంటికి రహీం సాబ్ ముస్లిం కాదు, ఉత్త హిందూస్తానీ! జట్టులో సికింద్రాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్. ఆ కూతల మధ్యనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. ఒక గోలు పి.కె. బెనర్జీది, ఇంకొకటి తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్‌ది.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం లేదు. క్రికెట్ మ్యాచ్ రోజున 'మీరెటువైపు?' అని మమ్మల్ని అడిగేవాళ్ళలో ఎందరు ఆ పేరు విన్నారు?