గుడివాడ నుంచి బెర్లిన్ దాకా

ఆ ఎండుకొమ్మ ఇటు నెట్టు అబ్బాయ్, మంట అణుగుతోంది. చెల్లిని కూడా పిలు. పుష్యమాసపు చలి మామిడి పూతకి మంచిదే గానీ మనమే తట్టుకోలేం.

ఇందాక ఫోన్లో కచేరీ పెట్టావే, జాజూ, శాస్త్రీయమూ, గ్రీకు జానపదమూ ఒకే వేదిక మీద. "తాతయ్యా, మీ రోజుల్లో ఇట్టాంటివి లేవు" అన్నావు. ఎందుకు లేవు? చెబుతా, విను.

నూజివీడంటే జనానికి చిన్నరసాలు గుర్తొస్తాయి. సంగీతం తెలిసినవాళ్ళకి మాత్రం వీణ గుర్తొస్తుంది. పనసచెక్క తొలిచి కుండ చేస్తారు, దండి మీద మైనం పరిచి 24 మెట్లు నిలబెడతారు. ఒక్కో మెట్టు దగ్గరా తీగ మీటి, చెవి ఒగ్గి, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మీటుతారు. ఆ నాదం విన్న చెవికి మాండలిన్ ఆనుతుందా? మీటగానే స్వరం అణిగిపోతుంది, గమకం లాగేలోపు ఏమీ మిగలదు. పైగా అన్నీ జంట తీగలు. ఎక్కడో ఇటలీలో పుట్టిన వాద్యం, త్యాగరాజస్వామి కీర్తనకి ఏం పనికొస్తుందనుకునేవాళ్ళు.

అట్టాంటిది 1978లో, మన గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో, పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుని కూచున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడు! గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగ మీదికి తెచ్చుకునేవాడు. తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్‌కి ఒంటి తీగలు అయిదు వేసుకుని, గొంతులో పలికే గమకాన్నంతా దానిలో పలికించాడు.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళాడు. వాళ్ళ మెప్పు కోసం వాయించే తీరు మార్చుకోలేదు. మన సంగీతమే వినిపించాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దయ్యాక జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో, జాకిర్ హుస్సేన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో దేశాలు తిరిగాడు. 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక గ్రీకులంటావా, వాళ్ళ బుజూకి మాండలిన్‌కి చుట్టమే, మెడ పొడుగు, అంతే. చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే కలమత్యానోస్ ఆటకి ఏడు దెబ్బల లెక్క. ఏదీ, తొడ మీద వెయ్యి: తకిట, తక, ధిమి. మన మిశ్రచాపు కాదూ? అమెరికాలో డిక్ డేల్ 1962లో గిటార్ మీద మోగించిన మిసిర్లూ పాట ఉందే, అది గ్రీకులు ఎప్పటినుంచో పాడుకునేది. దాని స్వరాలు మనం సరళీ వరుసలు పాడుకునే మాయామాళవగౌళ రాగానివే.

తోటలో అంటు కట్టడం చూశావుగా. మొలకా బతికుండాలి, కొమ్మా బతికుండాలి. ఒకటి ఎండిందా, రెండోదీ పోతుంది. సంగీతాలు కలపడమూ అంతే. ఎవరి విద్య వాళ్ళకి నిండుగా వస్తేనే కలయిక పండుతుంది.

అందుకేనమ్మా, రేపు తెల్లారి సరళీ వరుసలు విసుక్కోకుండా మూడు కాలాల్లోనూ పాడు. మాయామాళవగౌళ నీ గొంతులో స్థిరపడిందంటే గ్రీకువాళ్ళ పక్కన కూచున్నా, జాజ్ వాళ్ళ పక్కన కూచున్నా నీకు బెదురుండదు.