నాపసంద్

"మీ నిజాం వజ్రాన్ని పేపర్‌వెయిట్‌గా వాడాడట గదా!" చిన్నప్పట్నుంచీ వింటున్నాం. బడిలో విన్నాం, పత్రికాఫీసుల్లో విన్నాం. 'మీ' అన్న ఆ ఒక్క అక్షరమే గుచ్చుకునేది. లాడ్‌ బజార్‌ లక్క గాజులకు రాళ్లు అతికే మా అక్కచెల్లెళ్లకూ ఆ వజ్రానికీ ఏం సంబంధం? అయినా దాని కథ మేమూ చెప్పుకోవాలి. నవ్వుకునేవాళ్లు వదిలేసే భాగం ఒకటుంది.

1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్‌ మాల్కమ్‌ జేకబ్‌ 'ఇంపీరియల్‌' అనే వజ్రం సంగతి ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ ముందు పెట్టాడు. రాయి పుట్టింది దక్షిణాఫ్రికాలో, అప్పుడున్నది ఇంగ్లండులో. ముందుగా ఇక్కడ చూపించింది గాజు నమూనా. ధర 46 లక్షలు; సగం, అంటే 23 లక్షలు, ముందే జమ అయ్యాయి. రాయి వచ్చింది. నిజాం కళ్లారా చూసి వద్దన్నాడు. మా ఇళ్లల్లో అయితే నాపసంద్‌ అంటాం.

వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. ఆ 23 లక్షలు చూసి నచ్చితేనే కొనేందుకు ఉంచిన జమా, లేక ఖాయమైన బేరానికి బయానానా? తగువంతా దీనిమీదే. జేకబ్‌ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ వ్యాపారం దెబ్బతింది. చివరికి రాజీ కుదిరి రాయి నిజాంకే చేరింది. నవాబుగారి చపలచిత్తమని కొందరు, రెసిడెన్సీ ఒత్తిడని కొందరు రాశారు. కావచ్చు. కానీ చూశాక వద్దనే హక్కు నవాబుల సరదా కాదు, ఈ నేల బజారు రివాజు.

17వ శతాబ్దంలో దక్కన్‌ గనుల దగ్గర తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్‌ దీన్ని వివరంగా రాశాడు. పెద్ద సరుకైతే గనివాళ్లు దాన్ని పరాయి వ్యాపారి దగ్గరే ఏడెనిమిది రోజులు వదిలేవారట, తీరిగ్గా చూసుకొమ్మని. యూరపువాళ్లు పగటి వెలుగులో చూస్తే ఇక్కడివాళ్లు రాత్రిపూట చూసేవారు. గోడలో అడుగు చదరం గూడు, అందులో లావు వత్తి దీపం, ఆ వెలుగుకెదురుగా వేళ్ల మధ్య రాయి. నీలిచాయ ఉందో లేదో తేల్చుకోవాలంటే గుబురు చెట్టు నీడకు పోయేవారు. అమ్మేవాడు బనియా, పాలించేవాడు ఆదిల్‌షా, కొనేవాడు ఫ్రెంచివాడు. అక్కడ 'మీ', 'మా' ఎక్కడుంది?

మాటలే చూడండి. అసలు, నకలు, నమూనా, బయానా, జమ. ఇవి తీసేసి ఏ తెలుగువాడైనా ఒక్క బేరం చెయ్యగలడా? నాపసంద్‌ తెలియదనేవాళ్లు కూడా పసందైన విందు తిన్నామనే అంటారు.

మహబూబ్‌ 1911లో పోయాక ఆ రాయి ఆయన చెప్పు ముందుభాగంలో కొడుక్కు దొరికిందంటారు. పేపర్‌వెయిట్‌ కథ ఆ తర్వాతిది. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లకు కొన్నది. ఆ రోజు నుంచి అది అందరిదీ. 2001లో సాలార్‌జంగ్‌ మ్యూజియంలో పెడితే మేమూ వరసలో నిలబడ్డాం, చార్‌కమాన్‌లో రాళ్లు పొదిగే పెద్దాయన ఒకరిని వెంటబెట్టుకుని. అద్దం పెట్టెలో, బల్బు కింద, 184 క్యారెట్లకు పైగా బరువున్న రాయి. ఆయన వంగి చూశాడు, తల అటూ ఇటూ తిప్పాడు. వెనక నుంచి తోస్తున్నారు.

"ఈ లైటుల ఏం తెలుస్తది బేటా? చేతికియ్యమను, చెప్తా."